విజయ చేతికిస్తే కాలవకిచ్చినట్టే

తాడేపల్లిగూడెం,
12 మార్చి 2007.

చిరంజీవి క్రీస్తుదాసుకి, అక్క విజయకుమారి ఆశీస్సులు.

ఉత్తరం ఇంటికి కాకుండా నీ ఆఫీసుకి వచ్చిందేమిటా అని కంగారు పడకు. ఇక్కడ నేనూ, మీ బావగారూ బాగానే ఉన్నాం. ఇంటికి రాస్తే అమ్మ మీ ఆవిడ సిల్వియా చేత చదివించుకుంటుంది. ఫోన్ చేద్దామంటే మీ హాల్లో ఫోనూ, అమ్మ మంచమూ పక్కపక్కనే. ఎనభై మూడేళ్ళొచ్చి కళ్ళు మసకబారినా ఆ మహాతల్లికి చెవులు మాత్రం పోలేదు. ఈ సంగతి ఆవిడకి తెలియకూడదు. అందుకని నువ్వు కూడా ఉత్తరమే రాయి. అక్షరాలు గుండ్రంగా రాయి.

కిందటి నెలాఖరున రిటైరయ్యానా, స్కూలువాళ్ళు శాలువా కప్పి గోడ గడియారం ఇచ్చారు. ముప్ఫై ఐదేళ్ళు గంట కొడితే లేచి, గంట కొడితే కూర్చున్నదాన్ని, నాకింకా గడియారమెందుకు? నాకు కావలసింది నేనే కొనుక్కున్నాను. నా పాత స్టూడెంటు జీవన్ మద్రాసులో ఉంటున్నాడు. వాడి చేత మెటల్ డిటెక్టర్ తెప్పించాను. చేతికర్రలాంటి గొట్టం, దాని చివర అన్నం పళ్ళెమంత చక్రం, చెవులకి తగిలించుకునే ఫోన్లు. నేలమీద అటూ ఇటూ ఊపుకుంటూ నడవడమే పని. కింద ఇనుముంటే గుర్రుమంటుంది. ఇత్తడో, వెండో, బంగారమో ఉంటే శుభ్రంగా కుయ్‌మంటుంది. మొదటిరోజు మా పెరట్లోనే పదకొండు మేకులూ ఒక తాళంకప్పా దొరికాయి. ఆ తరవాత కుయ్‌మంది. తవ్వితే మీ బావగారి ఇత్తడి పొడుండబ్బా! తొంభై ఒకటిలో అది నేనే పారేశానని ఆయన ఆరునెలలు సాధించారు. కడిగి, కాఫీ గ్లాసు పక్కన పెట్టాను. ఆ పూటంతా ఆయన మొహానికి అడ్డంగా పట్టుకున్న పేపరు దించలేదు.

ఇక అసలు సంగతి. అరవై రెండు ఏప్రిల్ నీకు గుర్తుండే ఉంటుంది. నాన్నగారికి ఏలూరు ట్రాన్స్‌ఫరయ్యే ముందు, ఇక్కడ మిషను కాంపౌండు వెనక కాలవ రేవులో నేను గిన్నెలు తోముతూ, నాయనమ్మ ఇచ్చిన ఉంగరం తీసి మెట్టుమీద పెట్టాను. తిరిగి చూస్తే లేదు. వేసవికి నీళ్ళాపి కాలవ కట్టేశాక అమ్మ బురదంతా దేవింది, దొరకలేదు. అమ్మ కొట్టిన దెబ్బలు ఆ వారమే మర్చిపోయాను. ఆవిడ పుట్టించిన సామెతే ఇంకా బతికుంది. "విజయ చేతికిస్తే కాలవకిచ్చినట్టే." నా పెళ్ళిలో నగలపెట్టె నా చేతికివ్వకుండా మా ఆడపడుచు చేతికిచ్చింది. స్కూలు తాళాలన్నీ నా చేతిలో ఉన్న రోజుల్లో కూడా, మీ ఇంటికొస్తే కాఫీ గ్లాసు ఆ మాట అనకుండా నా చేతికివ్వలేదు.

ఏప్రిల్ ఇరవైకి కాలవలు కట్టేస్తారట. జూన్‌లో నీళ్ళు వదిలేలోపు ఆ ఉంగరం తీసి అమ్మ అరచేతిలో పెట్టాలి. అమ్మకంటే ముందు ఆ సామెత పోవాలి. నువ్వప్పుడు తొమ్మిదేళ్ళవాడివి, నా వెనకాలే తిరిగేవాడివి. ఏ మెట్టుమీద పెట్టానో ఏమైనా గుర్తుందా?

అక్క.

ఏలూరు,
20 మార్చి 2007.

ప్రియమైన అక్కకి, తమ్ముడు క్రీస్తుదాసు వందనాలు.

నీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. తరవాత రెండు రోజులు జ్వరం వచ్చింది, అందుకే జవాబు ఆలస్యమైంది.

నీ డిటెక్టరు మిషను మంచిదే గాని అక్కా, కాలవలో మాత్రం వద్దు. ఈ నలభై ఐదేళ్ళలో ఎన్నిసార్లు పూడిక తీసి ఉంటారు? ఆ మట్టి లారీలెక్కి ఎవరి ఇళ్ళకిందకో పోయి ఉంటుంది. పైగా సీసాపెంకులు. పైగా ఎండ. పైగా హెడ్మిస్ట్రెస్‌గా చేసిన మనిషివి, బురదలో తిరిగితే నీ స్టూడెంట్లు ఏమనుకుంటారు? నాకైతే ఏమీ గుర్తులేదు. అసలు ఆ రోజు నేను రేవుకి వచ్చినట్టే జ్ఞాపకం లేదు. నువ్వు దాన్ని మూడో మెట్టుమీద పెట్టినప్పుడు నేను ఇంట్లో నిద్రపోతున్నాననుకుంటాను.

నీకంత సరదాగా ఉంటే కొల్లేరు వెళ్ళు. కిందటేడు చేపల చెరువుల గట్లు కొట్టేశాక అక్కడ ఎన్నేళ్ళనాటి వస్తువులో పైకొస్తున్నాయని మా ఆఫీసులో చెప్పుకుంటున్నారు. గాలి కూడా మంచిది.

నాకిక్కడ చర్చి కమిటీతో రోజూ తలనొప్పే. పాత చర్చి పడగొట్టి కొత్తది కట్టాలని పాస్టరు సత్యానందంగారూ, ట్రెజరరు యేసుదాసుగారూ పట్టుబట్టి కూర్చున్నారు. ఆరేళ్ళుగా నేనొక్కణ్ణే అడ్డుపడుతున్నాను. వానొస్తే బలిపీఠం పక్కన బకెట్ పెట్టాల్సి వస్తున్న మాట నిజమే. అయినా పెద్దలు వేసిన పునాది కదపకూడదని నా నమ్మకం. నమ్మకానికి కట్టుబడి ఉండటంలో నాన్నగారి పోలికే వచ్చిందని అమ్మ అంటోంది.

తమ్ముడు.

తాడేపల్లిగూడెం,
16 ఏప్రిల్ 2007.

చిరంజీవి క్రీస్తుదాసుకి,

నీ సలహా విని కొల్లేరు వెళ్ళొచ్చాం. భీమవరం మీదుగా ఆకివీడు బస్సులో, అక్కణ్ణించి ఆటోలో. మీ బావగారు గొడుగు పట్టారు, నేను మిషను పట్టాను. నీళ్ళు తగ్గి బీటలిచ్చిన చోట దిగి మిషను ఊపితే, ఇంక చూసుకో, అడుగడుక్కీ కుయ్, కుయ్! బంగారు గని మీద నిలబడ్డాననుకున్నాను. తవ్వితే అన్నీ విసురువలలకి కట్టే సీసపు గుళ్ళు. కేజీన్నర ఏరాను. ఎండిన మేర అంతా దొంగని సోదా చేసినట్టు గొట్టం తిప్పి కొల్లేటిని అవమానించాననిపించింది.

చుట్టూ జనం మూగారు. ఒకాయన నిధుల కోసమనుకుని, "ముందు నిమ్మకాయ కొయ్యాలండీ మేడంగారూ, లేపోతే బయటికి రాదండీ" అన్నాడు. "నిమ్మకాయలో ఇనుము లేదండీ, అది నా మిషనుకి తెలీదు" అన్నాను. ఆయన వెళ్ళి నిజంగానే నిమ్మకాయ తెచ్చాడు. మీ బావగారు సోడాలో పిండించుకుని తాగారు.

పడవ దిగుతూ మట్టె పోగొట్టుకున్న ఒక ఆవిడ వచ్చి, "ఎతికి పెట్టండమ్మా, మా అత్తగారు నెల్లాళ్ళనించీ అన్నం పెట్టేటప్పుడల్లా అంటందండీ" అంది. ఆ మాట వినగానే నా ప్రాణం చివుక్కుమంది. గంటన్నర వెతికాను. పడవ కట్టే గుంజ పక్కన, జానెడు లోతులో దొరికింది. ఆవిడ నా చేతులు పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. క్రీస్తుదాసూ, ఈ మిషను పట్టుకుని తిరిగేవాళ్ళకి బంగారం పిచ్చి అనుకుంటారు గాని అది కాదురా. నేల లోపలున్నది అబద్ధం చెప్పదు. ఎక్కడ పడిందో అక్కడే ఉండి, ఎవరైనా వచ్చి అడుగుతారేమోనని చూస్తూ ఉంటుంది.

శుక్రవారం కాలవ కట్టేస్తున్నారు. మూడో మెట్టుతో మొదలుపెడతాను. నిద్రపోతూ కూడా మెట్టు లెక్కపెట్టావు, మెచ్చుకోవాలి.

అక్క.

తాడేపల్లిగూడెం,
9 మే 2007.

చిరంజీవి క్రీస్తుదాసుకి,

నా ఉత్తరానికి జవాబు లేదు. మళ్ళీ జ్వరమా?

పద్దెనిమిది రోజులుగా కాలవలో ఉన్నాను. పొద్దున్నే ఆరింటికి దిగి ఎండెక్కేలోపు పైకొస్తున్నాను. వంతెన కింద దొరికినన్ని చిల్లర నాణేలు బ్యాంకులో కూడా చూడలేదు. కాలవ దాటేటప్పుడు డబ్బులు విసిరి దండం పెట్టుకునే జనం మనవాళ్ళు. చిల్లు కాణీలు, అణాలు, అల్యూమినియం ఐదు పైసలు, ఒక సైకిల్ గంట, ఎవరి ఇంటిదో ఇత్తడి గిలక. నన్ను చూడ్డానికి మూగే జనంతో వంతెన మీద ట్రాఫిక్ ఆగిపోతోందని ఎస్సైగారు వచ్చారు. నా దగ్గర ఎక్కాలు నేర్చుకున్నవాడే. నన్ను చూసి టోపీ తీసి, "టీచరుగారండీ, నా మోటారుసైకిలు తాళం కూడా ఇక్కడే ఎక్కడో పడిందండీ" అన్నాడు. వెతికి పెట్టాను. ఇప్పుడు ట్రాఫిక్ ఆయనే చూసుకుంటున్నాడు.

రేవు మాత్రం ఖాళీ. ఏడు మెట్లూ, వాటి ముందు పదేసి అడుగులూ గడులు గీసి వెతికాను. మూడో మెట్టు దగ్గర నాలుగుసార్లు చూశాను. నిన్న ఆ మెట్టుమీదే కూర్చుని చాలాసేపు ఏడ్చాను. మీ బావగారు గొడుగు నా మీదకి వంచి నిలబడ్డారు. నాకు యాభై ఎనిమిది. అమ్మ ముందు నేనింకా గిన్నెలు తోముతున్న పిల్లనే. ఆవిడ ఆ మాట అంటూనే పోతుందేమో, ఆవిడ పోయాక కూడా నాకది వినిపిస్తూనే ఉంటుందేమో అని భయమేస్తోంది.

అక్క.

ఏలూరు,
15 మే 2007.

ప్రియమైన అక్కకి వందనాలు.

నీ ఉత్తరం చదివి అన్నం సహించలేదు. ధైర్యంగా ఉండు. దేవుడు దయగలవాడు. మూడో మెట్టు దగ్గర, ఎడమ పక్కన, రాయి పగిలిన చోట ఇంకొక్కసారి చూడు. నాకెందుకో అక్కడ దొరుకుతుందని ఆత్మలో అనిపిస్తోంది.

ఆదివారం కాబట్టి మొన్న ఉల్లిపాయల కోసం గూడెం మార్కెట్‌కి వచ్చాను. బస్సు టైమైపోయి మీ ఇంటికి రాలేకపోయాను, ఏమీ అనుకోకు.

తమ్ముడు.

తాడేపల్లిగూడెం,
20 మే 2007.

శ్రీ క్రీస్తుదాసుగారికి,

దొరికింది. మూడో మెట్టు, ఎడమ పక్క, రాయి పగిలిన చోట, రెండంగుళాల లోతులో. మీ ఆత్మకి కొలతలు బాగా తెలుసు.

కుయ్‌మనగానే చేత్తోనే తవ్వేశాను. మట్టిలోంచి తీసి చీరచెంగుతో తుడిచాను. ఉంగరం. పైన శిలువ. నేను ఆ మెట్టుమీదే మోకరించి ప్రార్థన చేశాను. మీ బావగారు పొడుం పీల్చి తుమ్మారు. ఆ తరవాత ఇంటికొచ్చి కళ్ళజోడు పెట్టుకున్నాను.

ఒకటి. నలభై ఐదేళ్ళు కాలవలో నానిన ఉంగరానికి నగల షాపువాళ్ళు చుట్టే గులాబీరంగు కాగితం అంటుకుని ఉంది, సగం తడి కూడా అవ్వలేదు. ఇంకొకటి. లోపలివైపు 916 అని ముద్ర ఉంది. నాయనమ్మ ఉంగరం చేసిన కైకలూరు కంసాలి ఆ ముద్ర ఎరగడు. అన్నిటికంటే ముఖ్యం, ఆయన అంతకుముందు ఎప్పుడూ శిలువ చెక్కి ఎరగడు కాబట్టి అడ్డకర్ర కుడి పక్కన పొడుగైపోయింది. "యేసయ్యకి కుడిచెయ్యి చాపి పెట్టాడే" అని నాయనమ్మ నవ్వేది. ఇది స్కేలు పెట్టి గీసినట్టు సమానంగా ఉంది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఈ రెండు నెలలూ నువ్వు తడుముకుంటూనే ఉన్నావు. నేనే చూసుకోలేదు. ఏలూరులో దొరకని ఉల్లిపాయ గూడెంలో ఏం దొరికిందిరా నీకు? కింది ప్రశ్నకి జవాబు రాయి. నా ఉంగరం ఏది?

విజయకుమారి, రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్.

ఏలూరు,
26 మే 2007.

అక్కకి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపాను.

నేనే తీశాను అక్కా. నువ్వు గిన్నెలు తోముతుంటే వెనకనించి వచ్చి తీసి లాగు జేబులో వేసుకున్నాను. నిన్ను ఏడిపించి, సాయంత్రం ఇచ్చేద్దామనే తీశాను. మధ్యాహ్నానికే అమ్మ బెత్తం తీసింది. నువ్వు దెబ్బలు తింటుంటే నేను తలుపు వెనక నిలబడి, జేబులో దాన్ని గుప్పిట్లో పట్టుకున్నాను. అప్పుడు చెప్తే ఆ బెత్తం నా మీదకొస్తుందని భయం. మర్నాడు చెప్తే నిన్న ఎందుకు చెప్పలేదంటారని భయం. అలా రోజుకొక భయం చొప్పున జూన్ వచ్చేసింది, మనం ఏలూరు వచ్చేశాం.

వచ్చిన మొదటి ఆదివారమే ఇప్పుడున్న చర్చికి శంకుస్థాపన. జ్ఞాపకముందా? ఆ మిషనరీ దొరగారు, "మీ దగ్గరున్నవాటిలో అన్నిటికంటే విలువైనది దేవునికివ్వండి" అని బోధ చేశారు. అందరూ వరసలో వెళ్ళి ఈశాన్యం మూల గుంటలో పైసలు వేస్తున్నారు. నేను వెళ్ళి ఉంగరం వేశాను. నిజం చెప్పాలంటే భక్తితో కాదు. నా దగ్గరున్నవాటిలో నన్ను అన్నిటికంటే భయపెట్టేది అదే. పైన సున్నం పోశారు, రాయి పెట్టారు, అందరూ పాట పాడారు. నా ప్రాణం హాయిగా ఉంది. ఇంటికొచ్చేసరికి అమ్మ నీకు మంచినీళ్ళ చెంబు ఇస్తూ ఆ సామెత అంది. మళ్ళీ హాయి లేదు.

ఇప్పుడు తెలిసిందా, ఆరేళ్ళుగా ఆ పునాది కదపనివ్వకుండా నేనెందుకు పోట్లాడుతున్నానో? అందరూ భక్తి అనుకుంటున్నారు. మొన్న నాకు శాలువా కూడా కప్పారు.

మెట్టు దగ్గర పాతడానికి పవరుపేటలో కొన్న ఆ ఉంగరం సంగతి సిల్వియాకి తెలియదు. నిన్ను మోసం చెయ్యాలని కాదక్కా, మెట్టుమీద కూర్చుని ఏడ్చానని రాశావే, అది భరించలేకపోయాను.

తమ్ముడు.

తాడేపల్లిగూడెం,
29 మే 2007.

క్రీస్తుదాసూ,

కావాలనే కార్డు మీద రాస్తున్నాను. మీ ఆఫీసులో ఎవరైనా చదువుకోవచ్చు. నీ మీద కోపం ఎంతుందో రాయడానికి ఈ కార్డు చాలదు. పుస్తకమైనా చాలదు. అమ్మకి చెప్పు. ఆ తరవాత చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పు. తొమ్మిదేళ్ళ పిల్లాణ్ణి క్షమించాను. యాభై నాలుగేళ్ళవాడి సంగతి తరవాత చూస్తాను.

అక్క.

ఏలూరు,
18 జూన్ 2007.

ప్రియమైన అక్కకి వందనాలు.

అమ్మకి చెప్పాను. నమ్మలేదు. మంచం పక్కన మోకాళ్ళమీద కూర్చుని అంతా చెప్పాను. అమ్మ నా తల నిమిరి, "అక్కని వెనకేసుకొద్దామని నీ మీద వేసుకుంటన్నావా నాన్నా? నీది మీ నాన్నగారి మనసురా" అని, సిల్వియాని పిలిచి నాకు రెండు అరిసెలు పెట్టించింది. తినలేక తినలేక తిన్నాను.

చర్చిలో అలా కాలేదు. ఆదివారం సాక్ష్యాల వేళ లేచి చెప్పాను. అప్పుడు వెనక బెంచీలోంచి యేసుదాసుగారు లేచారు. డెబ్భై ఆరేళ్ళ మనిషి, ముప్ఫై ఏళ్ళుగా ట్రెజరరు. "అయ్యగారండీ, ఆయేల అదే గుంటలో నేను చెల్లని చిల్లు కాణీ ఏశానండీ. అందరూ చూస్తన్నారని చప్పుడయ్యేలా ఏశానండీ" అని ఏడ్చేశారు. ఆ తరవాత ఇంకో ముగ్గురు లేచారు. ఆరాధన మధ్యాహ్నం రెండింటిదాకా సాగింది. సత్యానందంగారు కళ్ళు తుడుచుకుని, "ఇంత అబద్ధం మీద ఇన్నాళ్ళు నిలబడిందంటే దేవుడి కృపేనండీ" అన్నారు. సాయంత్రం కమిటీలో చర్చి పడగొట్టాలనే తీర్మానం నా చేతే పెట్టించారు.

నువ్వు మిషను తీసుకుని రా అక్కా. సున్నం గడ్డకట్టి ఉంటుంది, చూడకుండా పొడిస్తే ఉంగరం నలిగిపోతుంది. వస్తువు చూపిస్తేగాని అమ్మ నమ్మదు.

తమ్ముడు.

(అక్క తన భర్త మధుబాబు చేతికిచ్చి పంపిన చీటీ. 10 ఆగస్టు.)

మిషను పంపుతున్నాను. నేను రాను. పోగొట్టింది నువ్వు, వెతికేది కూడా నువ్వే. ఎర్ర బటన్ నొక్కు. నెమ్మదిగా ఊపు, ఈగలు తోలినట్టు ఊపకు.

ఏలూరు,
13 ఆగస్టు 2007.

ప్రియమైన అక్కకి,

దొరికింది!

పునాదిరాయి పక్కకి దొర్లించారు. నేను ఫోన్లు చెవులకి పెట్టుకున్నాను. ఎర్ర బటన్ నొక్కి, ఈగలు తోలినట్టు కాకుండా నెమ్మదిగా ఊపాను. మొదట ఏమీ లేదు. నా గుండె చప్పుడే మిషను చప్పుడనుకుని రెండుసార్లు తవ్వించాను. బావగారు పొడుం పీలుస్తూ, "ఇంకాస్త కుడికి బావా" అన్నారు. కుడికి జరిపాను. కుయ్‌మంది అక్కా! అంతమంది మధ్యలో, ఫోన్లు తీసేశాక కూడా, నాకది వినిపిస్తూనే ఉంది.

కొబ్బరికాయంత సున్నపు గడ్డ. చుట్టూ నయాపైసలు. చిల్లు కాణీ కూడా ఉంది, యేసుదాసుగారు జేబులో పెట్టుకుని పట్టుకెళ్ళారు. గడ్డని సుత్తితో నెమ్మదిగా కొడితే రెండు ముక్కలైంది. లోపల, నిన్ననే పెట్టినట్టు, కుడిచెయ్యి చాపిన శిలువ.

అలాగే తీసుకెళ్ళి అమ్మ అరచేతిలో పెట్టాను. కళ్ళు కనపడవు కదా, బొటనవేలితో శిలువ తడిమింది. కుడి పక్క పొడుగు దగ్గర వేలు ఆగింది. తరవాత నా వైపు తిరిగి, "అరిసెలు తిన్నావు కదరా" అంది. అంతే. నిన్ను రమ్మంటోంది. వెంటనే రా.

తమ్ముడు.

తాడేపల్లిగూడెం,
8 అక్టోబరు 2007.

చిరంజీవి క్రీస్తుదాసుకి, అక్క ఆశీస్సులు.

ఇంటికే రాస్తున్నాను. సిల్వియా, అమ్మకి వినపడేలా గట్టిగా చదువు.

ఆగస్టులో నేనొచ్చిన రోజున నువ్వు స్వీట్లకని బజారుకి వెళ్ళావు చూడు, అప్పుడు జరిగింది నీకెవరూ చెప్పి ఉండరు. అమ్మ ఉంగరం నా వేలికి పెట్టబోయింది. ఉంగరపు వేలికి ఎక్కలేదు, చిటికెనవేలికి ఎక్కించింది. "నలభై ఐదేళ్ళు నిన్నన్నానే విజయా" అని నా చెయ్యి కళ్ళకద్దుకుంది. అంతలో సిల్వియా కాఫీ తెచ్చింది. అమ్మ గ్లాసు తీసుకుని నా చేతికిచ్చింది. ఏమీ అనలేదు. నా జన్మలో మొదటిసారి, ఏమీ అనకుండా ఇచ్చింది. నా చెయ్యి జారి గ్లాసు కింద పడిపోయింది. కాఫీ అంతా మంచం కిందకి పోయింది. అప్పుడు కూడా అమ్మ ఏమీ అనలేదు. తుడుస్తున్న సిల్వియాతో మాత్రం, "ఇకనించి వాడి చేతికేమీ ఇవ్వకు" అంది. అందుకే అప్పట్నించీ నీకు పాలప్యాకెట్లు తెచ్చే పని తప్పింది. నాకు థాంక్స్ చెప్పు.

నిన్నటి కొత్త చర్చి శంకుస్థాపన బాగా జరిగింది. నువ్వు పాస్టరుగారికి గొడుగు పడుతూ ఇటు చూడలేదు. యేసుదాసుగారు గుంటలో వందనోటు వేసి, చప్పుడవలేదని చాలా ఇబ్బంది పడ్డారు. నా వంతు వచ్చేసరికి సత్యానందంగారి చూపు నా చిటికెనవేలి మీద పడింది. నేను చెయ్యి చెంగులో దాచుకున్నాను. నా ఉంగరం దేవుడి దగ్గర నలభై ఐదేళ్ళుంది, ఆయనకది చాలు.

నేను వేసింది నువ్వు పవరుపేటలో కొన్నది. సిల్వియా, ఆ కథ మీ ఆయన్ని అడుగు. గులాబీరంగు కాగితం తీసేసి, నీ పేరు తలుచుకుని వేశాను తమ్ముడూ. దాంతో యాభై నాలుగేళ్ళవాణ్ణి కూడా క్షమించాను. ఇంకో యాభై ఏళ్ళకి ఎవరో నాలాంటిది మిషను పట్టుకుని అక్కడికొస్తుంది. కుయ్‌మంటే తవ్వుతుంది. స్కేలు పెట్టి గీసినట్టున్న ఆ శిలువ చూసి, ఇది ఎవరో చాలా నిజాయితీగల మనిషి ఇచ్చిన కానుక అనుకుంటుంది.

అక్క.